పసుపు కుంకుమ పొలం అమ్మిన డబ్బంతా లాభమే అన్నారు, అప్పీలు కూడా కొట్టేశారు. ఆదాయపు పన్ను ట్రిబ్యునల్‌లో నిలబడుతుందా?

మొలగొలుకులు:
అందరికీ నమస్కారం. పోస్టు పెద్దది, ఓపిగ్గా చదివి దారి చెప్పండి.

మాది నెల్లూరు జిల్లా తోటపల్లిగూడూరు మండలం. అమ్మ పెళ్ళికి తాతయ్య పసుపు కుంకుమ కింద 2 ఎకరాల 10 సెంట్ల మాగాణి రాసిచ్చాడు. నాన్న టీచరు, అయినా స్కూలు అయిపోయాక సాయంత్రాలు పొలంలోనే ఉండేవాడు. ఆయన పోయాక మా ఊరి ఆయనకే కౌలుకిచ్చాం. 2017 జూన్‌లో పొలాన్ని 62 లక్షలకి అమ్మేశాం. తమ్ముడి వైద్యానికి అయిన అప్పులు తీర్చాం, పాత పెంకుటిల్లు పడగొట్టి 2018లో అమ్మ పేరు మీదే డాబా ఇల్లు కట్టాం, దానికి 22 లక్షల దాకా అయ్యింది. డబ్బు మొత్తం బ్యాంకులోనే పడింది, చేతికి ఒక్క రూపాయి తీసుకోలేదు. పల్లెలో పొలం అమ్మితే పన్ను ఉండదని అందరూ చెప్పారు, అందుకే ఆ ఏడు రిటర్ను వెయ్యలేదు.

2022 మార్చిలో ఆ పాత ఏడాది లెక్క మళ్ళీ తెరుస్తున్నామని ఆదాయపు పన్ను శాఖవాళ్ళు 148 నోటీసు ఇచ్చారంట. ఇచ్చారంట అని ఎందుకంటున్నానంటే, అది పోయింది ఎప్పుడో పాన్ కార్డు తీయించినప్పుడు ఆ నెట్ సెంటర్ అబ్బాయి పెట్టిన మెయిల్‌కి. 2023 మార్చిలో మేం లేకుండానే పన్ను లెక్క కట్టి అసెస్‌మెంట్ చేసేశారు. పోస్టులో డిమాండు కాగితం వస్తే అప్పుడు తెలిసింది. నెల లోపే ఒక ఆయన ద్వారా అప్పీలు వేయించాం. ఆయన తన మెయిల్ ఇచ్చాడు, దానికి మూడు నోటీసులు వస్తే ఒక్కదానికీ జవాబు పెట్టలేదు, మాకూ చెప్పలేదు. 2025 జూన్‌లో రెండు పేజీల ఆర్డరుతో అప్పీలు కొట్టేశారు, అందులో ఉన్నదల్లా అప్పీలు చేసినవాళ్ళకి ఆసక్తి లేదు అని. అదీ మాకు తెలియలేదు. అక్టోబరులో అమ్మ ఫ్యామిలీ పెన్షన్ తీసుకుందామని బ్యాంకుకి వెళ్తే ఖాతా ఆపేశారన్నారు.

అసెస్‌మెంటు ఆర్డరులో మూడు కారణాలు రాశారు. మున్సిపల్ హద్దు నుంచి దూరం ఎంతో రుజువు ఇవ్వలేదు. వ్యవసాయ ఆదాయం ఎప్పుడూ ఎక్కడా చూపించలేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఎకరాలు కాకుండా 1,270 అంకణాలు అని రాసుంది కాబట్టి అది ఇంటి స్థలమే. ఇట్టా రాసి 62 లక్షలూ లాభం కింద వేసేశారు, వడ్డీలతో కలిపి 28 లక్షల పైచిలుకు కట్టమన్నారు. అమ్మకి ఇప్పుడు 69 ఏళ్ళు. ఆ ఇంగ్లీషు కాగితం ఒళ్ళో పెట్టుకుని "నేనేం దొంగతనం చేశానమ్మా" అంటుంది. నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు.

నా ప్రశ్నలు. గడువు దాటిపోయింది కదా, ఇప్పుడు ట్రిబ్యునల్ తీసుకుంటుందా? అంకణాల్లో రాసినంత మాత్రాన పొలం పొలం కాకుండా పోతుందా? తెలిసినాయన వాట్సప్‌లో 14 తీర్పులు పంపాడు, అన్నీ జతచేయమంటున్నాడు. చేయాలా?

కోవూరు రైతు:
చెల్లెమ్మా, ముందు అమ్మకి ధైర్యం చెప్పు. నాది కూడా దాదాపు ఇదే కథ, నేను దాటి వచ్చాను.

నాది 3 ఎకరాలు, రెండు మెట్లూ ఓడిపోయి ట్రిబ్యునల్‌కి వెళ్ళాను. మా వకీలు లావుపాటి పుస్తకమంత తీర్పులు తెచ్చాడు. బెంచి మీద ఉన్న ఆయన అవేమీ తెరవలేదు. అడిగింది రెండే మాటలు: అడంగల్ (ఏ ఏడు ఏ పంట వేశారో చూపే రెవెన్యూ రికార్డు) ఏ పేజీలో ఉంది, దూరం సర్టిఫికెట్ ఎవరిచ్చారు. అడంగల్ ఉంది. దూరం కాగితం మాత్రం మా వీఆర్వో చేత తెల్ల కాగితం మీద రాయించుకున్నది, అందులో రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లో ఉంది తప్ప గాలివాటు దూరం, అంటే సూటిగా గీత గీసినట్టు కొలిచే దూరం, లేదు. అందుకని కేసు మళ్ళీ అసెసింగ్ ఆఫీసరుకి (మొదట పన్ను లెక్క కట్టిన ఆయనకి) పంపారు, సరైన కాగితం పెట్టుకోమని. పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత తాసీల్దారు ఆఫీసు చుట్టూ నెలన్నర తిరిగి, మండల సర్వేయరు చేత కొలిపించి, సంతకం, ముద్రతో తెచ్చుకున్నాను. అది పెట్టాక ఆఫీసరు ఒప్పుకుని పన్ను తీసేశాడు.

ఆ సర్టిఫికెట్ మొదటి రోజే ఉంటే నాకు నాలుగేళ్ళు మిగిలేవి. అందుకే నువ్వు తీర్పుల వెనక పడకుండా ముందు ఆ కాగితం సంగతి చూడు. ఇంకోటి, దూరం కొలిచేది నెల్లూరు బస్టాండు నుంచి కాదు, కార్పొరేషన్ హద్దు నుంచి. చుట్టుపక్కల పంచాయతీలు కలిశాక హద్దు జరిగింది, కాబట్టి మీరు అమ్మిన తేదీన హద్దు ఎక్కడుందో అది రాయించు.

పొదిలి వాసి:
అక్కా, నా మాట వేరేగా ఉంటుంది, ఏమనుకోవద్దు. 69 ఏళ్ళ మనిషిని కోర్టుల చుట్టూ తిప్పడం కంటే వివాద్ సే విశ్వాస్ పథకంలో అసలు పన్ను కట్టేసి వడ్డీ మాఫీ చేయించుకోండి. మా బాబాయి అట్టాగే వదిలించుకున్నాడు.

మా నాన్న విషయంలో మాత్రం కట్టాల్సిన పని రాలేదు. నడికుడి - శ్రీకాళహస్తి రైల్వే లైనుకి మా చేను పోయింది, పరిహారం మీద ప్రశ్న వేశారు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 96 ప్రకారం పన్ను లేదని, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) కూడా 2016 అక్టోబరు 25న 36వ నంబరు సర్క్యులర్‌లో అదే చెప్పిందని రాసి అవార్డు కాపీ జతచేసి పంపాం. మళ్ళీ అడగలేదు.

ఒంగోలు పన్నుల ప్రాక్టీసు:
అమ్మా, నేను 20 ఏళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. మీ కేసు పోయిన కేసు కాదు. నిజానికి ఇంతవరకు మీ కేసుని ఎవరూ వినలేదు.

పొదిలి తమ్ముడికి ముందు ఒక మాట. వివాద్ సే విశ్వాస్ 2024కి చివరి తేదీ 2025 ఏప్రిల్ 30, అది ముగిసిపోయింది. ఒకవేళ తెరిచి ఉన్నా నేను ఈవిడని కట్టమని చెప్పను, రావలసిన పన్నే లేదేమో అనిపిస్తున్న చోట సగం కట్టి దండం పెట్టడం ఎందుకు. మీ నాన్నగారి సంగతి వేరు. ప్రభుత్వం తీసుకున్న భూమికి ఆ సెక్షన్ 96 ఉంది. ఈవిడది సొంతంగా అమ్ముకున్న పొలం, దానికి అది వర్తించదు. భూసేకరణలో కూడా ఏ చట్టం కింద తీసుకున్నారన్నది అవార్డులో చూసుకోవాలి, జాతీయ రహదారుల చట్టం లాంటి వేరే చట్టాల కింద తీసుకున్న చోట దీని మీదే వాదనలు జరిగాయి.

ఇప్పుడు గడువు. 2024 అక్టోబరు 1 నుంచి లెక్క మారింది. అప్పీలు ఆర్డరు అందిన నెల ముగిశాక రెండు నెలలు ఇస్తారు. జూన్‌లో అందినట్టు లెక్కేస్తే ఆగస్టు 31తో అయిపోయింది. కానీ సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి సెక్షన్ 253(5)లోనే ఉంది. 1987లో కాటీజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆలస్యం చేసి అప్పీలుదారు బాగుపడేది ఏమీ ఉండదు, సాంకేతిక కారణం కంటే అసలు న్యాయం ముఖ్యం అని. అలా అని "మాకు తెలియలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చాలదు. ఏ మెయిల్‌కి వచ్చింది, అది ఎవరిది, బ్యాంకుకి ఏ తేదీన వెళ్ళారు, ఆ తర్వాత పోర్టల్ తెరిచి ఆర్డరు ఏ రోజు దించుకున్నారు, ఇవన్నీ తేదీలతో అమ్మగారి అఫిడవిట్‌లో రావాలి. బ్యాంకువాళ్ళు ఇచ్చిన ఉత్తరం ఉంటే అది బంగారం. ఇంకా ఫైల్ చేయకపోతే ఈ రోజు నుంచి ప్రతి రోజూ లెక్కే, పరిగెత్తండి. ఫారం 36లో వెయ్యాలి. ఫీజు అసెస్ చేసిన ఆదాయంలో 1 శాతం, కానీ 10,000 దాటదు, మీకు పడేది ఆ 10,000. ఏ బెంచికి వెయ్యాలన్నది మీ అసెసింగ్ ఆఫీసరు ఆఫీసు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. అలాగే పోర్టల్‌లో ఉన్న ఆ పాత మెయిల్, ఫోన్ నంబరు ఈ రాత్రికే మార్చి మీవి పెట్టుకోండి.

రెండోది, ఆ రెండు పేజీల ఆర్డరు. అప్పీలుదారు రాలేదు కాబట్టి కొట్టేస్తున్నాం అనే అధికారం మొదటి అప్పీలు అధికారికి లేదు. ఏ అంశం మీద వివాదం, దాని మీద నిర్ణయం ఏమిటి, ఎందుకు అన్నది రాయాలని సెక్షన్ 250(6) చెబుతుంది. 2016లో బొంబాయి హైకోర్టు ప్రేమ్‌కుమార్ అర్జున్‌దాస్ లూత్రా కేసులో ఇదే తేల్చింది. ఇలాంటి ఆర్డర్లను ట్రిబ్యునళ్ళు పక్కన పెట్టి, మళ్ళీ విని తేల్చమని వెనక్కి పంపడం మేం తరచూ చూస్తున్నాం. మీకు వచ్చే మొదటి ఊరట అదే కావచ్చు.

కానీ వెనక్కి వస్తే చాలు అనుకోకండి. నా అనుభవంలో జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ట్రిబ్యునల్ అంటే వాస్తవాలు తేల్చే చివరి చోటు. అక్కడి నుంచి హైకోర్టుకి వెళ్ళాలంటే సెక్షన్ 260ఏ కింద చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉండాలి. పొలం ఎన్ని కిలోమీటర్లు, అందులో వరి పండిందా లేదా అని హైకోర్టు మళ్ళీ కొలవదు. అందుకని కాగితం ఏదైనా ఉంటే అది ట్రిబ్యునల్ ఫైల్లోకి ఎక్కాలి, లేదా వెనక్కి వచ్చినప్పుడు ఆఫీసరు ఫైల్లోకి. మీ దగ్గర ఉన్నవి ఇప్పటిదాకా ఎక్కడా పెట్టలేదు కాబట్టి అదనపు సాక్ష్యంగా తీసుకోమని రూల్ 29 కింద విడిగా దరఖాస్తు పెట్టాలి. ఊరికే పేపర్ బుక్‌లో కుట్టి ఇస్తే సరిపోదు.

ఇక అసలు సంగతి. దయచేసి మీ అప్పీలులో "మినహాయింపు ఇవ్వండి" అని రాయకండి. పల్లెలో ఉన్న వ్యవసాయ భూమి సెక్షన్ 2(14) ప్రకారం క్యాపిటల్ ఆస్తే (అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తి) కాదు, కాబట్టి అది అమ్మితే వచ్చింది క్యాపిటల్ లాభమే కాదు. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. మినహాయింపు అడిగితే దానికి అర్హత ఉందని రుజువు చేసే బరువు పూర్తిగా మన మీదే పడుతుంది, సందేహం వస్తే ప్రభుత్వం వైపు మొగ్గాలని 2018లో దిలీప్ కుమార్ అండ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అంది, అది కస్టమ్స్ నోటిఫికేషన్ కేసు అయినా శాఖవాళ్ళు అన్ని చోట్లా దాన్నే ఎత్తుతారు. అదే పన్ను వల లోపలికే రాదు అన్నప్పుడు, ముందు వల లోపల ఉందని చూపించాల్సింది శాఖ. మన తెలుగావిడ కేసే ఉంది, పరిమిశెట్టి సీతారామమ్మ కేసు, 1965, సుప్రీంకోర్టు. బరోడా మహారాణి సీతాదేవి ఆవిడకి నగలు, డబ్బు ఇచ్చారు. శాఖ అది చేసిన పనికి జీతం అంది, ఆవిడ ఆప్యాయతతో ఇచ్చిన కానుక అంది. వచ్చింది పన్ను పడే ఆదాయమే అని చూపించే బాధ్యత శాఖదే అని కోర్టు చెప్పింది. అయితే దీన్ని పట్టుకుని చేతులు కట్టుకుని కూర్చోవద్దు, దూరం కాగితం మనమే తేవాలి. కానీ అప్పీలులో మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో ఇది చెబుతుంది.

దూరం లెక్క ఇది. జనాభా లక్ష నుంచి 10 లక్షల మధ్య ఉన్న ఊరైతే హద్దు నుంచి 6 కిలోమీటర్లు, అంతకు మించితే 8, పదివేల నుంచి లక్ష మధ్య ఉంటే 2. జనాభా అంటే అచ్చయిన చివరి జనగణన, అంటే మీకు 2011. నెల్లూరుకి 6 పడుతుంది, మా ఒంగోలుకి కూడా 6, కావలి, గూడూరు లాంటివాటికి 2. కోవూరు అన్న చెప్పినట్టు గాలివాటు దూరమే కొలవాలి, 2013 ఫైనాన్స్ చట్టం వచ్చాక ఇదే లెక్క. అంతకు ముందు రోడ్డు దూరం పెట్టి గెలిచిన తీర్పులు చాలా ఉన్నాయి. మీ వాట్సప్ 14లో సగం అవే అయి ఉంటాయి, ఒకసారి చూసుకోండి. 2018-19 అసెస్‌మెంటు సంవత్సరానికి అవి పెడితే మీ కేసుకే చెరుపు. ఇంకొకటి, ఇప్పుడు 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, అందులో సెక్షన్ నంబర్లన్నీ మారాయి, కానీ మీ సంవత్సరం 1961 చట్టం కిందే నడుస్తుంది, కంగారు పడకండి.

అంకణాల విషయానికి వస్తాను, ఎందుకంటే ఇది మన నెల్లూరు తంటా. 72 చదరపు అడుగుల అంకణం, ఎకరానికి 605. పక్క జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరుకి దస్తావేజులో 1,270 అంకణాలు అని కనబడగానే ప్లాట్లు అనిపిస్తుంది. ఆయన ఆలోచన వెనక 1993 నాటి సరీఫాబీబీ కేసు ఉంది. అందులో గుజరాత్‌లో భూమి చదరపు గజాల లెక్కన హౌసింగ్ సొసైటీకి అమ్మారు, సుప్రీంకోర్టు అది వ్యవసాయ భూమి కాదంది. కానీ ఆ ఒక్క కారణంతో అనలేదు. అక్కడ భూమి మున్సిపల్ హద్దు లోపల ఉంది, వ్యవసాయేతర వాడకానికి అనుమతి తీసుకున్నారు, అమ్మకానికి ముందు నాలుగేళ్ళు సేద్యమే లేదు. ఇవన్నీ కలిపి తూకం వేశారు. మీ దగ్గర భూమార్పిడి లేదు, లేఅవుట్ లేదు, కౌలు రైతు దున్నుతున్నాడు. 2.10 ఎకరాలను 605తో గుణిస్తే 1,270 వస్తుందని, ఇది నెల్లూరు వాడుక కొలత తప్ప ప్లాటు కొలత కాదని, దస్తావేజులో అదే పేజీలో సర్వే నంబరు ఉందని ఒక పేరా రాయండి. కొన్న ఆయన తర్వాత ఏం చేశాడన్నది సాధారణంగా మీకు అంటదు, అమ్మిన రోజున భూమి ఎలా ఉందన్నదే చూస్తారు.

అడంగల్ గురించి కూడా అతిగా నమ్మకం వద్దు. 1976లో బేగంపేట ప్యాలెస్ భూముల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమి అని ఉంటే ప్రాథమికంగా అలా అనుకోవచ్చు, కానీ అవతలివాళ్ళు దాన్ని ఖండించవచ్చు అని. అందుకే అడంగల్‌తో పాటు నీటితీరువా రసీదులు, మిల్లుకి ధాన్యం తోలిన చీటీలు, కౌలు రైతు అఫిడవిట్ కూడా పెట్టండి. సొంతంగా దున్నాలని 2(14) ఎక్కడా అనలేదు.

ఒకవేళ, దేవుడు మేలు చేసి అవసరం రాకూడదు, దూరం 6 లోపు వచ్చిందనుకోండి. అప్పుడు కూడా 62 లక్షలూ లాభం కాదు. 2001కి ముందు వచ్చిన భూమి కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువని 2.72తో హెచ్చించి తీసెయ్యాలి (ధరల పెరుగుదలకి ప్రభుత్వం ఇచ్చే సూచీ 2001-02లో 100, 2017-18కి 272). అప్పట్లో ఎకరం 2 లక్షలు అనుకుంటే మీకు 11 లక్షల 42 వేలు తగ్గుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ నాటి విలువల నకలు తీసుకోండి. ఇల్లు కట్టిన 22 లక్షలకి 54ఎఫ్ (అమ్మిన డబ్బుతో ఇల్లు కడితే ఇచ్చే తగ్గింపు) కింద అంత వాటా మేరకు లాభం తగ్గుతుంది. ఇవి ముందు అడగలేదు కదా అని ఆపుతారేమో అని భయం వద్దు. రికార్డులో ఉన్న వాస్తవాల మీద చట్టపరమైన అంశాన్ని ట్రిబ్యునల్‌లో మొదటిసారి అడగవచ్చని 1996లో ఎన్‌టీపీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిటర్నులో అడగని తగ్గింపు ఆఫీసరు ఇవ్వలేడన్న 2006 గోయెట్జ్ తీర్పు కూడా ట్రిబ్యునల్ చేతులు కట్టెయ్యలేదు. వీటిని "లేని పక్షంలో" అని ప్రత్యామ్నాయ గ్రౌండ్లుగా రాయాలి.

డిమాండు షీట్‌లో 234బి వడ్డీ (అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనందుకు వేసేది) ఉందేమో చూడండి. 2017లో అమ్మగారికి 61, వ్యాపార ఆదాయం లేదు. అలాంటి సీనియర్ సిటిజన్లకి అడ్వాన్స్ ట్యాక్స్ కట్టే బాధ్యతే లేదని సెక్షన్ 207 చెబుతుంది, ఆ వడ్డీ పడకూడదు. వేసి ఉంటే అదే లక్షల్లో ఉంటుంది.

ఖాతా సంగతి. ఫారం 36 పడగానే వసూలు ఆపమని స్టే పిటిషన్ వెయ్యండి, దాని ఫీజు 500. స్టే ఇవ్వాలంటే డిమాండులో కనీసం 20 శాతం కట్టాలి, లేదా అంతకు సరిపడా సెక్యూరిటీ చూపించాలి. ఈలోపు పెన్షన్ మీదే బతుకుతున్నారని రాసి ఖాతా వదలమని అసెసింగ్ ఆఫీసరుని చేతికి కాగితమిచ్చి అడగండి, ముద్ర వేయించుకున్న కాపీ దాచుకోండి.

అల్లూరు గుంటలు:
సార్, మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మాది అల్లూరు వైపు, 4 ఎకరాలు 2012 నుంచి రొయ్యల గుంటలు. అడంగల్‌లో ఇంకా వరి అనే ఉంది. అమ్మితే మాకూ పన్ను లేనట్టేనా?

ఒంగోలు పన్నుల ప్రాక్టీసు:
తమ్ముడూ, అడంగల్‌లో వరి, నేల మీద ఏరేటర్లు తిరుగుతుంటే ఆ అడంగల్‌ని పెట్టడం తప్పు, నేనైతే పెట్టను. రొయ్యల ఆదాయం వ్యవసాయ ఆదాయం కింద రాదు, అది వ్యాపారమే. రొయ్యలకోసం ప్రత్యేకంగా తవ్విన గుంట యంత్రం లాంటిదే, దాని మీద తరుగుదల తీసుకోవచ్చని 2015లో విక్టరీ ఆక్వా ఫామ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఏటా రిటర్నులో గుంటల మీద తరుగుదల తీసుకుని, అమ్మే రోజున ఇది వరి పొలం అంటే ఎవరు నమ్ముతారు? 54బి (పొలం అమ్మి మళ్ళీ పొలం కొంటే ఇచ్చే తగ్గింపు) కూడా కష్టం, దానికి అమ్మేముందు రెండేళ్ళు వ్యవసాయం జరిగి ఉండాలి. మీరు అమ్మకముందే అడిగారు కాబట్టి ముందుగా ఎవరికైనా రిటర్నులన్నీ చూపించుకోండి. ఇది వేరే పోస్టుగా పెట్టండి, వివరంగా రాస్తాను.

మొలగొలుకులు:
సార్, మీకు, కోవూరు అన్నకి ఎట్టా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మెయిల్, ఫోన్ నంబరు రాత్రే మార్చేశాను. నిన్న నాన్న ఇనప్పెట్టె తీశాం. నీటితీరువా రసీదులు ఏడాదివారీగా దారం గుచ్చి పెట్టి ఉన్నాయి, ప్రతి దాని వెనక ఎన్ని పుట్లు అయ్యాయో ఆయన చేతిరాత. ఆయన పోయాక కౌలు ఆయన ఇచ్చిన చీటీలు కూడా అమ్మ అందులోనే వేసింది. డిమాండు షీట్‌లో 234బి ఉంది సార్, 8 లక్షల చిల్లర.

ఒక్కటే భయం. మీభూమిలో అడంగల్ దించితే 2016-17కి మా సర్వే నంబరు ఎదురుగా బీడు అని ఉంది. ఆ ఏడు చివరి కాలవకి నీళ్ళు అందలేదు, మా పక్క పొలాలు కూడా వెయ్యలేదు. అమ్మడానికి సరిగ్గా ముందు ఏడాదే ఇది. దీన్ని పెట్టకుండా మిగతావి పెడితే నయమా?

ఒంగోలు పన్నుల ప్రాక్టీసు:
అస్సలు దాచకండి. శాఖవాళ్ళు ఒక్క నిమిషంలో దించుకుంటారు, అప్పుడు మీ మిగతా కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది. నీళ్ళు లేక ఒక ఏడాది బీడు పడితే భూమి జాతి మారదు. రెండేళ్ళు తప్పకుండా సాగు అయి ఉండాలన్న షరతు 54బిలో ఉంది, ప్రభుత్వం తీసుకున్న పట్టణ పొలాలకి 10(37)లో ఉంది, పల్లె పొలానికి 2(14)లో లేదు. పక్క సర్వే నంబర్ల అడంగల్ కూడా ఆ ఏటిది దించండి, అందరిదీ బీడే అని కనబడాలి. కుదిరితే నీళ్ళు రాలేదని నీటిపారుదల ఆఫీసు నుంచో, వీఆర్వో నుంచో కాగితం తీసుకోండి. నాన్నగారి చేతిరాత ఉన్న ఆ రసీదుల వెనక పేజీలు కూడా జిరాక్స్ తీసి పెట్టండి, ముందు పేజీలు మాత్రమే కాదు.

కోవూరు రైతు:
చెల్లెమ్మా, సర్వేయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పొలం పటం నకలు తీసుకుపో, లేకపోతే రేపు రా అంటాడు. సర్టిఫికెట్‌లో మూడు ఉన్నాయో లేదో అక్కడే చదువుకో: సర్వే నంబరు, అమ్మిన తేదీ నాటి కార్పొరేషన్ హద్దు, గాలివాటు దూరం. ఒక్కటి తగ్గినా సంతకం కాకముందే రాయించు.

మొలగొలుకులు:
సరే అన్నా. సోమవారం పొద్దున్నే తాసీల్దారు ఆఫీసుకి వెళ్తున్నాం. అమ్మ తనూ వస్తానంది. వద్దన్నాను, ఎండకి కూర్చోలేవని. వినలేదు. కొన్నాయన గట్లు కలిపేశాడంట, మన మడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మీకెవరికీ తెలియదు, సర్వేయరుకి నేనే చూపిస్తాను అంటుంది.